కొట్టేశాక కూడా 'ఎక్స్ 3 కాదు' అని ఎందుకు రాయాలి?

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఇక్కడ ఒడియా మీడియంలో తొమ్మిది చదువుతున్నాడు, నేను తెలుగు మీడియంలో పది వరకు చదివాను. (ఎక్స్ స్క్వేర్ − 9) / (ఎక్స్ − 3)ని సూక్ష్మీకరించి ఎక్స్ + 3 అని రాస్తే, పక్కన 'ఎక్స్ 3 కాదు' అని రాయలేదని అర మార్కు తీసేశారు. కొట్టేశాక కింద ఏమీ మిగల్లేదు కదా? ఇంకో లెక్కలో (ఎక్స్ + 6) / (ఎక్స్ + 2)లో రెండు ఎక్స్‌లూ కొట్టేసి 3 అన్నాడు, అదీ తప్పేనట. నేను భిన్నం అంటే వాడికి అర్థం కాదు, భగ్నాంశం అనాలి. ఎలా చెప్పను?
— ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మాటల గురించి టెన్షన్ వద్దు. మన లవం, హారం వాళ్ల పుస్తకంలో లబ, హర, అంతే తేడా.

ఆ అర మార్కు తీసెయ్యడం న్యాయమే. అసలు లెక్కలో ఎక్స్ బదులు 5 పెట్టండి, 16 / 2, అంటే 8. ఎక్స్ + 3 కూడా 8. ఇప్పుడు 3 పెట్టండి, ఎక్స్ + 3 అయితే 6 అంటుంది, అసలు లెక్క మాత్రం 0 / 0 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే సున్నాని ఏ సంఖ్యతో గుణించినా సున్నాయే కాబట్టి ఫలానాదే జవాబు అని చెప్పలేం. అందుకే కొట్టెయ్యకముందే హారం ఎక్కడ సున్నా అవుతుందో చూసి రాసుకోవాలి.

రెండో తప్పు చాలామంది పిల్లలు చేసేదే. కొట్టెయ్యడం అంటే పైనా కిందా ఒకే దానితో భాగించడం, కాబట్టి గుణకారంలో ఉన్నదాన్నే కొట్టాలి, కూడికలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. 2 పెట్టి చూడమనండి, 8 / 4, అంటే 2, మూడు కాదు. సున్నా పెట్టి మాత్రం సరిచూడొద్దు, అక్కడ 6 / 2 అయి 3 వచ్చేస్తుంది, వాడు తనదే రైటనుకుంటాడు.

కూడిక దగ్గర కూడా ఇలాగే జారతారు. బండి మీద 40 కిలోమీటర్లు ఎక్స్ వేగంతో వెళ్లి, ఇంకో 10 పెంచి తిరిగొచ్చామనుకోండి, పట్టే టైము 40 / ఎక్స్ + 40 / (ఎక్స్ + 10). పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేసి 80 / (2ఎక్స్ + 10) అంటే, గంటకు 40 వేగం దగ్గర మొత్తం ప్రయాణం గంటలోపే అయిపోవాలి, కానీ వెళ్లడానికే గంట పడుతుంది కదమ్మా! హారాలు రెంటినీ గుణించి ఉమ్మడి హారం తెస్తే (80ఎక్స్ + 400) / ఎక్స్(ఎక్స్ + 10), దీంట్లో 40 పెడితే 1.8 గంటలు, అంటే గంటా 48 నిమిషాలు. ఈసారి 30 పెట్టి మీరిద్దరూ కూర్చుని చెయ్యండి, 2 గంటల 20 నిమిషాలు రావాలి.