ఆదివారం ఏ బ్యాంకు తెరిచి ఉంటుంది?

ఉత్తరం: మేము హైదరాబాద్‌లో, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాం. పెళ్లయి నాలుగేళ్లయింది. మా వారిది ప్రైవేటు ఉద్యోగం. నేను ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. మా వారు పదో తరగతిలో ఉండగా మామగారు పోయారు. అత్తయ్య మాతోనే ఉంటారు. ఆవిడ పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. మంచి మనిషే కానీ, మేమిద్దరం ఎక్కడికైనా బయలుదేరితే చాలు, ముఖం ముడుచుకుంటారు. అందుకని మా వారు ప్రతిసారీ బ్యాంకు పని ఉందనో, స్నేహితుడి తండ్రికి ఒంట్లో బాగా లేదనో ఏదో ఒకటి చెప్పి బయటపడతారు. తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపులో స్కూటర్ ఆపి, నా తలలో పూలు తీసి డిక్కీలో పెట్టమంటారు. చార్మినార్ దగ్గర కొన్న గాజులను మా పుట్టింటివాళ్లు పంపారని చెప్పాను. మొన్న వినాయక చవితి వెళ్లాక, ఆదివారం నాడు ఖైరతాబాద్ గణపతిని చూడటానికి వెళ్లాం. వెళ్దామన్నది ఆయనే. మెట్రోలో అత్తయ్య చెల్లెలి కోడలు మమ్మల్ని చూసింది. రాత్రికల్లా ఇంటికి ఫోన్ వచ్చింది. అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా వారు ఆవిడతో ‘నేను వద్దన్నాను, తనే పోరు పెట్టింది’ అన్నారు. ఇప్పుడు బతుకమ్మ, దసరా, దీపావళి వరసగా వస్తున్నాయి. జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్. ప్రతిచోటికీ అత్తయ్యను వెంట తీసుకెళ్లాలా, వద్దా? భర్తతో ఒంటరిగా నాలుగు చోట్లు తిరగాలనుకోవడం తప్పా?

జవాబు: మీ ప్రశ్న సంగతి ముందే తేల్చేస్తాను. కొన్నిచోట్లకు అత్తయ్యను తీసుకెళ్లండి, కొన్నిచోట్లకు మీరిద్దరే వెళ్లండి. కట్టుకున్నవాడితో బయటికి వెళ్లాలనుకోవడం తప్పా అని పెళ్లయిన నాలుగేళ్లకు ఉత్తరం రాసి అడగవలసి వచ్చిందే, అదే నాకు కష్టంగా ఉంది. తప్పు కాదు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

నేను ఆగిపోయింది వేరే వాక్యం దగ్గర. ‘నేను వద్దన్నాను, తనే పోరు పెట్టింది.’ ఇంత మాట రాసి, మరుక్షణమే పండగల లెక్కలోకి వెళ్లిపోయారు. దాన్ని మింగేశారని అర్థమవుతూనే ఉంది. చవితినాడు శమంతకమణి కథ విని అక్షింతలు వేసుకుంటే నీలాపనిందలు రావంటారు. మీరూ వేసుకునే ఉంటారు. అయినా నింద పడింది. అదీ చంద్రుడి వల్ల కాదు, పక్కనే కూర్చుని కథ విన్న మనిషి నోట.

ఉత్తరమంతా అత్తగారి గురించే రాశారు. అందులో ఆవిడ తప్పేమిటా అని వెతికాను. ముఖం ముడుచుకోవడం, అన్నం మానేయడం, అంతే. రెండోది చిన్న విషయమని నేననను, దాని దగ్గరికి వస్తాను. మిగిలినవన్నీ మీ వారు చేసినవే. మీ ఇంట్లో చెడిపోయి ఉన్నది కొడుకుకూ తల్లికీ మధ్య సంబంధం. అత్తాకోడళ్ల తగాదాలా కనిపిస్తున్నది దాని నీడే.

ఆవిడకు ఏమీ తెలియదనుకుంటున్నారా? ఆదివారం ఏ బ్యాంకు తెరిచి ఉంటుంది? నాలుగేళ్లలో ఎంతమంది స్నేహితుల తండ్రులను మీ వారు మంచాన పడేశారో ఆవిడ లెక్క పెట్టుకునే ఉంటుంది. చెప్పుల మీద దుమ్ము చూసి పిల్లవాడు బడి ఎగ్గొట్టాడని కనిపెట్టిన తల్లికి, జడలోంచి తీసేసిన పూల వాసన తెలియకుండా పోతుందా? అన్నీ తెలిసే ఊరుకుంది. కాకపోతే ఈసారి సంగతి చుట్టాల నోట వచ్చింది. ‘నీ కొడుకూ కోడలూ మెట్రోలో కనిపించారు, నువ్వు రాలేదేం’ అని చెల్లెలి కోడలు అడిగినప్పుడు ఆవిడ ఏం చెప్పి ఉంటుంది? ఆ పరువు తక్కువే రెండు రోజులు అన్నం దిగనివ్వలేదు.

పైగా వెళ్లింది సినిమాకు కాదు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై ఇప్పుడు అరవై, డెబ్భై అడుగులకు పెరిగిన ఆ గణపతి దగ్గరికి ఊరు ఊరంతా బాహాటంగా వెళ్తుంటే, మీరిద్దరు దొంగచాటుగా వెళ్లి వచ్చారు. ఇంట్లో పత్రి సర్ది, ఉండ్రాళ్లు చేసిన మనిషికి దైవదర్శనం సంగతి కూడా చెప్పలేదు. ‘అమ్మా, వెళ్దాం వస్తావా’ అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ జనంలో నిలబడే ఓపిక నాకెక్కడిది, మీరు వెళ్లి రండి అని ఆవిడే అనేదేమో. ఆ మాట అనే అవకాశం కూడా ఆవిడకు ఇవ్వలేదు.

మీ వారు చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. పదో తరగతిలో తండ్రి పోతే, అప్పటినుంచి తల్లికి కష్టం కలగకుండా చూడటమే తన పని అనుకుని పెరిగి ఉంటాడు. ఆవిడ ముఖం చిన్నబోతే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. దాన్ని గౌరవమని ఆయన అనుకుంటున్నాడు. అది భయం. తల్లిని కడదాకా చూసుకోవడం కొడుకు విధి. దాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లంటే నాకు సరిపడదు. కానీ తల్లికి కోపం వచ్చినప్పుడల్లా భార్యను ముందుకు తోసి తాను వెనక నక్కడం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. సంపాదిస్తున్నాడు, అద్దె కడుతున్నాడు, ఇల్లు నడుపుతున్నాడు. తల్లి ఎదుట నిలబడి ‘నేనూ నా భార్యా అలా బయటికి వెళ్తున్నాం’ అనడానికి మాత్రం ఇంకా పదో తరగతి పిల్లవాడే.

మీకు కూడా ఒక మాట చెప్పాలి. వీధి మలుపులో స్కూటర్ ఆగితే పూలు తీసింది మీ చేతులే. స్కూటర్ డిక్కీలో ఏముంటాయో అందరికీ తెలుసు. నూనె మరకల గుడ్డ, మడత పెట్టిన రెయిన్‌కోటు, ఇన్సూరెన్సు కాగితాలు. వాటి మధ్య మీ మూర పూలు. పండగ పూట ముత్తైదువ చేయవలసిన పనేనా అది? ఎవరి మెప్పు కోసం? తల్లి పూలు మానేసి ఇన్నేళ్లయింది, ఆవిడ ఎదుట భార్య పూలు పెట్టుకుని తిరగడం బాగుండదని ఆయన అనుకున్నాడేమో. అదే అయితే మనసు మంచిదే, చేసిన పనే బాగా లేదు. వచ్చేటప్పుడు ఆవిడకూ ఒక మూర తీసుకురండి. దేవుడి పటానికి వేసుకుంటుందో, తలలో పెట్టుకుంటుందో ఆవిడ ఇష్టం. పెట్టుకుంటే నాకైతే ఎక్కువ సంతోషం.

గాజుల సంగతి ఇంకా బాగుంది. చార్మినార్ పక్కనే లాడ్ బజార్‌లో చేసే లక్క గాజులకు హైదరాబాద్ పేరుమీద 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ ఇంట్లో మాత్రం వాటి పుట్టుక మీ అమ్మగారి ఊరికి మారిపోయింది. రేపు అత్తయ్య ఫోన్ చేసి ‘గాజులు బాగున్నాయి వదినగారూ’ అంటే మీ అమ్మ ఏం చెప్పాలి? కూతురి అబద్ధంలో ఆవిడకు కూడా వాటా పంచుతారా?

ఇంతకీ షికార్లు మానేయమని నేను అనను. నగరంలో రెండు గదుల ఇళ్ల సంగతి నాకు తెలుసు. ముందు గదిలో సాయంత్రం దాకా ట్యూషన్ పిల్లలు, ఆ తర్వాత సీరియళ్లు, సీరియళ్లయ్యాక అత్తయ్య పడక. జీతం ఎంత మిగిలిందో మాట్లాడుకోవాలన్నా గొంతు తగ్గించాలి, నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి. అలాంటి ఇంట్లో ఉండే ఆలుమగలు ట్యాంక్‌బండ్‌కు వెళ్లేది బుద్ధుణ్ణి చూడటానికి కాదు. 1992లో నీళ్లలోంచి పైకి తీసి నిలబెట్టినప్పటి నుంచి ఆయన అక్కడే, అలాగే ఉన్నాడు. ఆ గట్టు మీద కూర్చుంటే మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. మొక్కజొన్న పొత్తు తింటూ పోట్లాడుకోవచ్చు కూడా. ఇంట్లో పోట్లాటకు కూడా చోటు లేనివాళ్లకు అదెంత అవసరమో పెద్ద ఇళ్లలో ఉండేవాళ్లకు అర్థం కాదు. కానీ అబద్ధం చెప్పి వెళ్తే, ఇంటికి వెళ్లాక ఏం చెప్పాలన్నదాని మీదే సగం సేపు గడిచిపోతుంది. మీరు రాయలేదు కానీ, మీ విషయంలోనూ అలాగే జరుగుతోందని నా అనుమానం.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. మాట్లాడవలసింది మీ వారు. మీరు కాదు. మీరు ఎంత మెత్తగా చెప్పినా అది కోడలి మాటే అవుతుంది. పండగ ముందు రోజు కాకుండా, మామూలు సాయంత్రం చూసుకుని, మీరు ఇంట్లో లేనప్పుడు ఆయన తల్లి పక్కన కూర్చోవాలి. ‘ఆ రోజు ఖైరతాబాద్ వెళ్దామన్నది నేనేనమ్మా. నీకు భయపడి తన మీద పెట్టాను. బ్యాంకు పనులూ, ఆస్పత్రులూ కూడా నా కల్పనే. ఇకమీదట బయటికి వెళ్తే వెళ్తున్నామనే చెబుతాను.’ ఈ నాలుగు ముక్కలు చాలు. నొచ్చుకోకమ్మా అని బతిమాలడం, మళ్లీ వెళ్లంలే అని మాట ఇవ్వడం వద్దు.

ఆవిడ ఏడుస్తుంది. నా కర్మ అంటుంది. మళ్లీ అన్నం మానేసినా మానేస్తుంది. అలిగి పస్తుండటం మన ఇళ్లలో పెద్దవాళ్లకు బాగా అలవాటైన ఆయుధం. దానికి లొంగి అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టడం వల్లే ఇంతదాకా వచ్చింది. ఆవిడ అలిగితే కంచం పట్టుకుని మీరు వెంటపడకండి. వేళకు వంట చేసి పెట్టండి, మామూలుగా పలకరించండి. దగ్గర కూర్చుని తినిపించవలసింది ఆవిడ కొడుకు. ఇన్నాళ్లూ తల్లి అలక ఆయనది, దాన్ని తీర్చే పని మీది అయింది.

ఇంకొకటి ఆయన్ను అడగండి. ఆస్పత్రికి కాకుండా, పెళ్లిళ్లకు కాకుండా, ఆయన తల్లిని తీసుకుని చివరిసారి ఎక్కడికి వెళ్లాడు? ఆవిడ ముఖం ముడుచుకునేది మీ సరదా చూసి కాకపోవచ్చు. ‘నువ్వూ రా’ అనే మాట తనకు ఎప్పుడూ వినబడకపోవడం వల్ల కావచ్చు. నుమాయిష్ మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. అన్ని రోజుల్లో ఒక్క సాయంత్రం తల్లికి ఇవ్వలేడా? దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే గాంధీ భవన్ స్టేషన్లో దిగడమే, మధ్యలో రైలు మారక్కర్లేదు. ఎక్కడానికీ దిగడానికీ లిఫ్టులున్నాయి. ఆదివారం జనంలో కాకుండా మధ్యవారంలో వెళ్లమనండి. మీరు వెళ్లకండి. ఆవిడ కశ్మీరు శాలువాలన్నీ విప్పించి, బేరమాడి, ఒక్కటీ కొనకుండా లేచి వస్తుంది. జాడీలు, డబ్బాలు మాత్రం కొంటుంది. కొడుకు సంచి మోస్తూ వెనక నడవాలి. మామగారితో ఆ రోజుల్లో అక్కడికి వెళ్లిన కబుర్లు వస్తే వినాలి. ఆ ప్రదర్శన 1938 నుంచీ ఉన్నదే, ఈ ఊరి ఆడపిల్ల కాబట్టి ఆవిడ దగ్గర కబుర్లకు కొదవ ఉండదు. రాత్రికి మీరు వంట కూడా చేయకండి, తినే వస్తారు. తర్వాత మీ ఆలుమగలు ఇంకో సాయంత్రం వెళ్లండి. అక్కడ ఆడవాళ్లకు, పిల్లలకు కేటాయించే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు అత్తాకోడళ్లు వెళ్లినా మంచిదే.

బతుకమ్మకు మాత్రం ఆవిడను తప్పకుండా తీసుకెళ్లండి. పాటలు మీకంటే ఆవిడకే ఎక్కువ వచ్చి ఉంటాయి. భర్త పోయిన ఆడది పక్కన నిలబడాలని మీ వీధిలో ఎవరైనా గొణిగితే, మీరే చేయి పట్టుకుని అందరి మధ్యకు తీసుకురండి. అది కోడలు చేస్తేనే అందం.

మీ వారు తల్లితో మాట్లాడనంటే ఏం చేయాలంటారా? అప్పటిదాకా ఆయన అల్లిన కథతో గడప దాటకండి. ‘అత్తయ్యతో ఉన్న సంగతి చెప్పి రండి, అప్పుడు బయలుదేరుదాం’ అనండి. రెండు మూడు ఆదివారాలు ఇంట్లోనే గడిచిపోతాయి, గడవనివ్వండి. ఇంకోసారి మీ ఎదుటే నెపం మీ మీదికి నెడితే గొంతు పెంచకుండా ‘లేదు అత్తయ్యా, వెళ్దామన్నది మీ అబ్బాయే’ అని అక్కడికక్కడే చెప్పండి. చెప్పి మీ పని మీరు చూసుకోండి, గదిలోకి వెళ్లి ఆయనతో వాదన పెట్టుకోకండి. సంజాయిషీ ఏదో ఆయన తన తల్లికే ఇచ్చుకుంటాడు. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడే ఎంగిలిపూల బతుకమ్మ, ఎంతో దూరం లేదు. ఆ లోపే ఆయన్ను మాట్లాడమనండి.