మైనస్ ముప్పైలో కారు స్టార్ట్ అవ్వాలంటే

ప్రశ్న: టొరంటోలో కొన్న పాత కారుతోనే ఈ వేసవిలో సాస్కటూన్‌కి మారాం. ఇక్కడ చాలా కార్లకి ముందువైపు ఒక ప్లగ్ వేలాడుతూ ఉంటుంది, మా కారుకి లేదు. బ్లాక్ హీటర్ లేకపోతే చలికాలంలో కష్టమని ఆఫీసులో అందరూ భయపెడుతున్నారు. కిట్ కొని నేనే బిగించుకోవచ్చా? రాత్రంతా ప్లగ్ పెట్టి ఉంచాలా?
– ఒక పాఠకుడు, సాస్కటూన్, కెనడా

జవాబు: వాళ్లు చెప్పింది నిజమేనండీ. అక్కడ జనవరిలో మైనస్ 30 కొత్తేమీ కాదు. మన ఇళ్లలో చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా బోర్లించినా చుక్క రాదు కదా, ఇంజిన్ ఆయిల్ అంత గడ్డకట్టకపోయినా బాగా చిక్కబడి మొరాయిస్తుంది, సరిగ్గా అదే సమయానికి బ్యాటరీ సత్తువ కూడా సగానికి పైగా పడిపోయి ఉంటుంది. బ్లాక్ హీటర్ కరెంటుతో ఇంజిన్‌లో ఉన్న కూలెంట్‌ని (నడిచేటప్పుడు ఇంజిన్ మరీ వేడెక్కకుండా లోపల తిరిగే ద్రవాన్ని) వేడి చేస్తుంది, దాంతో ఇంజిన్ మొత్తానికీ కాస్త వెచ్చదనం వస్తుంది.

కిట్ కొనేముందు బానెట్ ఎత్తి టార్చిలైటు వేసి ఒకసారి బాగా వెతకండి. కొన్ని కార్లకి హీటర్ కంపెనీలోనే బిగించి ఉంటుంది, వైరు ఒక్కటే ఉండదు, లేదా వైరుని చుట్ట చుట్టి లోపలే కట్టేసి ఉంచుతారు.

లేదంటే మాత్రం మెకానిక్ దగ్గరికే వెళ్లండి, అదీ అక్టోబర్ లోపే. ఇంజిన్ బ్లాక్ పక్కన గుండ్రటి రేకు మూతలుంటాయి, ఫ్రాస్ట్ ప్లగ్‌లంటారు. చాలా కార్లలో కూలెంట్ మొత్తం దించేసి, వాటిలో ఒకదాన్ని పీకి, ఆ కన్నంలో హీటర్ కూర్చోబెట్టాలి. వినడానికి సులువే గానీ ఆ మూత ఎగ్జాస్ట్ వెనకాలో ఇంకెక్కడో చెయ్యి దూరని చోట ఉంటుంది, హీటర్ కాస్త వంకరగా కూర్చున్నా కూలెంట్ కారుతుంది, తిరిగి నింపేటప్పుడు లోపల గాలి మిగిలిపోతే హీటర్‌లో వేడెక్కే భాగం, అదే ఎలిమెంట్, కాలిపోతుంది. ఆ కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది, నేల మీద ఒలికితే కుక్కలు నాకుతాయి.

మీరు స్వయంగా చూసుకోవాల్సింది వైరు. ఎడ్మంటన్‌లో నా మొదటి చలికాలం ఇంట్లో వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టాను. ఒక పొద్దున తీయబోతే ప్లగ్ మెత్తబడి, గోధుమరంగుకి తిరిగి ఉంది, కాలిన ప్లాస్టిక్ వాసన. అది చెక్క గోడ పక్కనే జరిగింది, తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అందుకే ఆరుబయట వాడేందుకు చేసిన, మూడు పిన్నుల, 14 గేజ్ లేదా అంతకంటే మందమైన వైరే కొనండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు మందం అని అర్థం).

రాత్రంతా పెట్టక్కర్లేదు. బయట వాడే టైమర్ ఒకటి కొని, బయల్దేరే ముందు రెండు మూడు గంటలు ఆన్ అయ్యేలా పెట్టండి. 400 వాట్ల హీటర్‌కి మూడు గంటలకి 1.2 యూనిట్లు, పన్నెండు గంటలు ఉంచితే 4.8 యూనిట్లు. ప్లగ్ పెట్టి కాసేపాగి బానెట్ దగ్గర చెవి పెడితే, టీ గిన్నెలో నీళ్లు మరిగే ముందు వచ్చేలాంటి సన్నటి చప్పుడు చాలాసార్లు వినిపిస్తుంది. అనుమానంగా ఉంటే గోడ నుంచి ప్లగ్ తీసి, కారు వైపు ప్లగ్ బల్లపరుపు పిన్నుల మధ్య మల్టీమీటర్ (కరెంటు పనులకి వాడే చేతి మీటరు) ఓమ్‌ల మీద పెట్టి చూడండి, 400 వాట్లదైతే సుమారు 36 ఓమ్‌లు చూపించాలి. అసలేమీ చూపించకపోతే వైరు తెగిందనో ఎలిమెంట్ పోయిందనో అర్థం.

ఇంకొకటి. ఎక్స్‌టెన్షన్ వైరుని డ్రైవర్ వైపు అద్దానికి ఒక చుట్టు చుట్టి ఆ తర్వాతే ప్లగ్‌కి తగిలించండి. పొద్దున హడావుడిలో డోర్ తీసేటప్పుడు కంటపడుతుంది, వైరుతో సహా కారు ముందుకి పోదు.