కరువుకు తట్టుకునే శెనక్కాయ చేస్తానంటోంది… చదివించొచ్చా?

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. ఐదెకరాల్లో శెనక్కాయ (వేరుశనగ) వేస్తాం. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్పిద్దామంటే, వానలేకున్నా పండే రకాలు తయారుచేసే సైంటిస్ట్ అవుతానంటోంది. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా?

కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఇంట్లో ఏమవుతుందో చూస్తూ పెరిగిన పిల్ల అలా అనడంలో వింతేముందండీ! ఆమెకు మనసు లేని లాంగ్ టర్మ్‌కి మాత్రం డబ్బు కట్టకండి.

ముందు ఒక పని చేయండి. కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు మీ పక్కనున్న కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టినవే. అక్కడి వాళ్లను అడిగి, రెండు రకాలను కలిపే (సంకరం చేసే) రోజుల్లో అమ్మాయిని తీసుకెళ్లండి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టకారుతో విప్పి, పుప్పొడి తిత్తులు తీసేస్తారు. తెల్లారి రెండో రకం పుప్పొడి అద్దుతారు. నడుం వంచి, ఒక్కో పువ్వుకీ ఇదే తంతు. అద్దినవన్నీ కాయ కట్టవు. కట్టిన వాటి సంతానాన్ని తరం తర్వాత తరం వడకట్టి, రకంగా విడుదల చేసేసరికి ఎనిమిది, పదేళ్లు. అది చూశాక కూడా సరేనంటే ఇక సందేహం అక్కర్లేదు.

కరువును తట్టుకోవడం ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పొడవాటి గొట్టాల్లో మట్టి నింపి మొక్కలు పెంచుతారు. గొట్టాన్ని తూచి, మొక్క ఎప్పుడు ఎంత నీరు తాగిందో లెక్క కడతారు. మొదట్లోనే తేమంతా తాగేసిన మొక్క గింజ నిండే వేళకు వాడిపోతుంది కదా. ఇలాంటి కొలతలన్నీ పోల్చి చూడాలి, అందుకే ఈ రంగంలో స్టాటిస్టిక్స్ ఎక్కువ. బైపీసీ పిల్లలు లెక్కలు వదిలిపోయాయనుకుంటారు, ఇక్కడ వదలవు!

చదువు: ఈఏపీసెట్ ర్యాంకుతో ఎన్జీ రంగా వర్సిటీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్, ఆ తర్వాత జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో (కొత్త రకాలు తయారుచేసే చదువు) ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. అంతా కలిపి తొమ్మిది, పదేళ్లు. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో చూడకుండా చేర్చొద్దు.

ఉద్యోగాల సంగతి దాచను. హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలు చాలానే ఉన్నా, వాటి చూపు ఎక్కువగా పత్తి, మొక్కజొన్న, కూరగాయల హైబ్రిడ్ల మీదే. హైబ్రిడ్లలా ఏటా కొనకుండా, శెనక్కాయ విత్తనం మీరే దాచుకుని మళ్లీ వేస్తారు, ఇక కంపెనీకి లాభమేముంది? కాబట్టి పప్పుధాన్యాలు, వేరుశనగ బ్రీడర్ కొలువులు ఎక్కువగా వర్సిటీలు, ఐసీఏఆర్ సంస్థలు, ఇక్రిశాట్‌లోనే. అవి తక్కువ, నోటిఫికేషన్లూ ఆలస్యం. ఈలోగా బీఎస్సీతో వ్యవసాయ అధికారి పోస్టులకు, బ్యాంకు పరీక్షలకు వెళ్లొచ్చు. బ్రీడింగ్ తెలిస్తే కంపెనీల్లో వేరే పంటల మీదైనా పని దొరుకుతుంది.

రైతు కోటా సీట్లు మర్చిపోకండి. భూమి ఎవరి పేరున ఉండాలో, పల్లె బడిలో ఎన్నేళ్లు చదివుండాలో ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసి, పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ ముందురోజు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను.