పండగనెల చీకటి కథలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతి సంచికకు డార్క్ ఫాంటసీ కథలు, అంటే మాయా భయమూ కలిసిన కథలు, కావాలని అడిగాం. యూరప్ శీతకాలపు పండుగల్లోని పాత భూతాలను, నమ్మకాలను కొత్తగా మలచి రాసినా సరే, మన పండగనెల మీద రాసినా సరే అన్నాం. కథలకన్నా ముందు ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: క్రాంపస్ మీద కథ మొదలుపెట్టాను. అతను క్రైస్తవానికి ముందునాటి దేవుడని, హెల్ అనే మృత్యుదేవత కొడుకని చదివాను. అలాగే రాయొచ్చా? (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

కథలో రాసుకోవచ్చు, అది మీ ఇష్టం. చరిత్ర అని మాత్రం చెప్పకండి. హెల్‌కు క్రాంపస్ అనే కొడుకున్నట్టు పాత నార్స్ గ్రంథాల్లో ఎక్కడా లేదు. ఆస్ట్రియా, బవేరియా కొండ ఊళ్లలో డిసెంబరు 5 రాత్రి, అంటే సెయింట్ నికొలస్ పండుగ ముందు రాత్రి, క్రాంపస్ ఆ సాధువు వెంట వస్తాడు. కర్రతో చెక్కిన ముఖం, మేకతోలు, నడుముకు గంటలు, చేతిలో బరికెల కట్ట, వీపున పిల్లల్ని వేసుకుపోయే బుట్ట. బహుమతులిచ్చే సాధువు ముందు, శిక్షించేవాడు వెనక. ఈ ఇద్దరినీ విడదీస్తే మిగిలేది ఉత్త కొమ్ముల దయ్యమే. మొదటిసారి రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే: సాధువును వదిలేసి క్రాంపస్‌ను ఒంటరిగా అడవిలో తిప్పుతారు. పిల్లల పేర్లు సాధువే చదివి వినిపిస్తాడనీ, క్రాంపస్ మోసుకుపోతాడు తప్ప ఎవరినీ ఎంచుకోడనీ రాసి చూడండి. కథ అక్కడికక్కడే బరువెక్కుతుంది.

నిజంగా పాత రాతలే పునాదిగా కావాలంటే రెండున్నాయి. ఇంగ్లండ్‌లో బీడ్ అనే సన్యాసి 725లో కాలగణన మీద రాస్తూ, అక్కడి జనం మతం మారకముందు డిసెంబరు 25కు తగిలే రాత్రిని 'తల్లుల రాత్రి' అనేవారని చెప్పాడు. ఆ తల్లులెవరో, తెల్లవార్లూ ఏం చేసేవారో వివరించలేదు. ఆ ఖాళీ అంతా మీదే. రెండోది నార్వే రాజు హాకోన్‌ది. 10వ శతాబ్దంలో ఆయన యూల్ అనే పాత శీతకాలపు పండుగను క్రిస్మస్ రోజుకు మార్పించి, ప్రతి ఇంటివాడూ ఇంత కొలత ధాన్యంతో బీరు కాచాలని, అది అయిపోయేదాకా పండుగ జరపాలని చట్టం చేశాడని ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరి 13వ శతాబ్దంలో రాశాడు. రాజు తేదీ మార్చాడు సరే. పాత తేదీకి వచ్చే అలవాటున్న అతిథికి ఆ కబురు అందిందా? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక నవలే నిలబడుతుంది.

ప్రశ్న: ఐస్‌లాండ్ యూల్ పిల్లిని తెచ్చి నగరి మరమగ్గాల మధ్య పెట్టి కథ రాశాను. చదివినవాళ్లు భయం వేయలేదన్నారు. పిల్లిని ఇంకా పెద్దది చేయాలా? (పాఠకుడు, నగరి)

పిల్లిని ముట్టుకోకండి. షరతును సరిచేయండి.

ఐస్‌లాండ్‌లో పండుగ లోపల ఉన్ని దువ్వడం, వడకడం, అల్లడం అన్నీ పూర్తికావాలి. పని చేసినవాళ్లకు కొత్తబట్ట దక్కుతుంది, కొత్తబట్ట లేనివాళ్లను పిల్లి పట్టుకుపోతుంది. ఆ పిల్లి వెతికేది పాపాన్ని కాదు, ఎగ్గొట్టిన పనిని. ఆల్ప్స్ కొండల్లో పెర్క్టా అనే ఆడ భూతం కూడా అంతే. జనవరి 6 లోపల వడకాల్సిన నార మిగిలి ఉందా, కడుపు చీల్చి గడ్డీ రాళ్లూ కుక్కుతుంది. పని ముగించిన పిల్లకు వెండి నాణెం వదిలిపోతుంది. పాలు, ఉన్ని, నార, నిలవ తిండి అన్నీ లెక్కలో ఉండాల్సిన కాలం అది. ఆ లెక్కలోంచి పుట్టిన భూతాలు ఇవి. వీటి భయం ఎంత బలంగా ఉండేదంటే, పిల్లల్ని ఇలాంటి యూల్ భూతాల పేరుతో బెదిరించకూడదని ఐస్‌లాండ్‌లో 1746లో ప్రభుత్వ ఉత్తర్వే వచ్చింది.

ఇప్పుడు నగరికి రండి. ఆ షరతు అక్కడ ఉన్నదున్నట్టు అతకదు. కూలికి నేసేవాడి చేతుల మీదుగా రోజూ గజాలకొద్దీ బట్ట పోతుంది, అందులో ఒక్క మూర కూడా అతనిది కాదు. నూలు, పడుగు చుట్టిన బీము ఇచ్చినవాళ్లది. మరి పిల్లి ఎవరిని తినాలి? పని చేసి బట్ట లేనివాడినా, పని చేయకుండా బట్ట ఉన్నవాడినా? మీ కథలో భయం పుట్టాల్సిన చోటు అదే. మీరేమో నాలుగు పేజీలు పిల్లి గోళ్లు వర్ణించారు.

2,500 మాటల కథ అనుకుంటే మా లెక్క ఇదీ. మొదటి 300 మాటల్లో పని, దాని గడువు కనబడాలి. 600 దాటకముందే షరతు ఒక్క వాక్యంలో వినబడాలి. అది కూడా భయపడుతున్న మనిషి నోట కాదు, చేతిలో పని ఆపకుండా మాట్లాడే మనిషి నోట. కండెలు చుడుతూ అవ్వ, "కొత్తది కట్టకుండా మంటకాడికి పోబాక మే, లెక్కజూసేది వస్తాది" అంటే చాలు, ఆమె మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. 1,200 దాకా ఆ షరతు ఇంకెవరికో వర్తించాలి, మనకు ఫలితం మాత్రమే తెలియాలి. 2,000 దాకా మీ పాత్ర షరతును మోసం చేయడానికి చూడాలి: అద్దెకు తెచ్చిన కోక, పాతదానికి కొత్త అంచు, ఇంకేదో. చివరి 500లో షరతు తన మాట తాను నిలబెట్టుకోవాలి. మోసం పారితే ఎందుకు పారిందో, దానికి ఖరీదు ఏమిటో తేలాలి. చాలా కథలు ఇక్కడే చెడతాయి. రచయితకు పాత్ర మీద జాలి కలిగి షరతును తానే తప్పిస్తాడు, అప్పటిదాకా కూడగట్టిన భయం ఒక్క పేరాలో కారిపోతుంది.

శబ్దం సంగతి కూడా. మరమగ్గాల వీధిలో మోత అలవాటు, అందుకని 'టకటక' అని ఎన్నిసార్లు రాసినా ఎవరూ ఉలిక్కిపడరు. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయనుకోండి. కాసేపు చెవుల్లో అదే మోత మోగుతూ ఉంటుంది. అది నెమ్మదిగా సన్నబడి పోయాక, గోడ అవతల ఒక్క మగ్గం ఇంకా ఆడుతోందని తెలిస్తే? పిల్లి కనబడాల్సిన పనే లేదు.

ప్రశ్న: తిరుపతిలో మంచు కురవదు, రాత్రి 24 గంటలూ ఉండదు. శీతకాలం భయాన్ని ఇక్కడ ఎలా పుట్టించాలి? (గృహిణి, తిరుచానూరు)

చీకటి మీద ఆధారపడొద్దు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో డిసెంబరు 21న పగలు నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. తిరుపతిలో అదే రోజు దాదాపు 11 గంటల 20 నిమిషాలు. సూర్యుడు పోయి ఇక రాడేమోనన్న భయం మనకు అబద్ధంగా వినబడుతుంది. మనకున్నది పంచాంగం.

యూరప్‌లో క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా వచ్చే 12 రాత్రుల్లో చాలా భూతాలు తిరుగుతాయి. దీనికి ఒక వివరణ ఉంది: చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సౌరమానం 365. మధ్యలో మిగిలిన రోజులు ఏ నెలకూ చెందవు, అందుకే వాటికి కాపలా లేదు. గ్రీస్‌లో కల్లికాంత్జరోయ్ అనే మరుగుజ్జు భూతాలు పైకొచ్చేదీ ఆ రోజుల్లోనే. ఏడాదంతా భూమి అడుగున లోకాన్ని మోసే చెట్టును రంపంతో కోస్తుంటాయట. గుమ్మానికి జల్లెడ కడితే అవి కన్నాలు లెక్కపెట్టబోతాయి. మూడు పవిత్రమైన అంకె, పలకలేవు. రెండు దగ్గర ఆగి మళ్లీ మొదటికొస్తాయి, ఈలోగా తెల్లారిపోతుంది.

మనవాళ్లు ఆ తేడాను అధికమాసంతో సర్దేశారు. మనకు వేరే ఖాళీ ఉంది. సూర్యుడు ఆకాశంలో ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం మకర సంక్రాంతి చేసేది జనవరి 14న, లేదా 15న. మధ్య దాదాపు 24 రోజులు. భూమి అక్షం నెమ్మదిగా దిశ మారుతూ ఉండటం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఈ ఎడం పెరుగుతోంది. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున కలిసేవి. ఇందులో కథ ఎంత దట్టంగా ఉందో చూడండి. సూర్యుడు తిరిగేశాడు, మనం ఇంకా తిరగలేదనుకుంటున్నాం. ఆ 24 రోజులు ఎవరి అధీనంలో ఉన్నాయి? 72 ఏళ్లకొకసారి అందులో చేరే కొత్త రోజును ఎవరు తీసుకుంటున్నారు? అలాంటి రోజును ఒకసారి చిన్నతనంలో చూసి, రెండోది చూడబోతున్న ముసలామె ఒక్కతి చాలు, కథ నడుస్తుంది.

పండగనెలను చూపించడానికి వర్ణన అక్కర్లేదు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై పాడతారు. తెల్లవారుజామున పాత్ర చెవిన అది పడితే మీ పాఠకుడికి నెల పట్టిందని అర్థమైపోతుంది. పెళ్లి మాటలు ఎవరూ ఎత్తకపోవడం, గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు, ఇవి రెండు చాలు.

ప్రశ్న: కనుమనాడు ఊరి బయట వేసే చిట్లాకుప్ప మంట, పశువులను కాచే దేవుడు కాటమరాజు, పొలాల్లో చల్లే పొలి, ఇవన్నీ మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. వీటిని డార్క్ ఫాంటసీ చేస్తే ఊరివాళ్లు నొచ్చుకుంటారా? (పాఠకుడు, చంద్రగిరి)

కాటమరాజును భూతం చేస్తే నొచ్చుకుంటారు, నొచ్చుకోవడం న్యాయం కూడా. కొలుపు అందుకునే దేవుడిని కదిలించొద్దు. కొలుపుకు బయట నిలబడ్డదాన్ని కల్పించండి. బుడబుక్కలవాళ్లు, గంగిరెద్దులవాళ్లు మనమధ్య బతుకుతున్న మనుషులు, వాళ్లను భయపెట్టే బొమ్మలుగా మార్చడం మాకు సమ్మతం కాదు. చీకట్లో డమరుకం మోగించుకుంటూ వచ్చి జరగబోయేది చెప్పేవాడు మీ కథలో సాక్షిగా ఉండొచ్చు, దోషిగా వద్దు.

వేల్స్‌లో మారి లూయిడ్ ఆచారం చూడండి. గుర్రం పుర్రెను కర్రకు కట్టి, తెల్లదుప్పటి కప్పి, లోపలి మనిషి దవడ ఆడిస్తూ ఇంటింటికీ తీసుకెళతారు. గుమ్మం బయటివాళ్లూ లోపలివాళ్లూ పద్యాలతో పోటీపడతారు. లోపలివాళ్లు ఓడితే తలుపు తీసి తిండీ తాగుడూ పెట్టాలి. ఆశుకవిత్వం తెలిసిన మనకు ఈ చట్రం ఎంత బాగా కుదురుతుందో! పుర్రె తేవద్దు, పోటీ తెచ్చుకోండి.

ఇక పొలి. ఇది మాకు అన్నిటికన్నా నచ్చిన ముడిసరుకు. పశువుల పండుగ పొంగలిలో పసుపు, కుంకుమ కలిపి 'పొలి, పొలి' అని అరుస్తూ పొలాల్లో చల్లుతారు. అందులో చెప్పకుండా ఉన్న షరతు ఒకటుంది: ఏ మడీ తప్పిపోకూడదు. ఇప్పుడు తిరుపతి చుట్టూ ఎన్ని మడులు ఇళ్ల స్థలాలయ్యాయో మీకు తెలుసు. హద్దురాళ్లు పాతారు, ప్లాటు నంబర్లు వేశారు, పొలి చల్లేవాడు ఆ వైపు పోవడం మానేశాడు. కింద ఉన్నదానికి మాత్రం అది ఇంకా మడే. దానికి ఏటా రావాల్సిన పిడికెడు రాలేదు. అద్దెకు దిగిన కుటుంబానికి ఈ సంగతి తెలియదు, కనుమనాడు రాత్రి వంటింట్లో వండిన అన్నంలో ఒక పిడికెడు తగ్గుతుంది. రెండో ఏడు రెండు పిడికిళ్లు. ఆ ఇంట్లో ఎవరూ చావక్కర్లేదు. ఆకలి లెక్క పెరుగుతూ పోవడం చూపిస్తే సరిపోతుంది. చిట్లాకుప్ప మంటను, పశువులకు మింగించే ఉప్పుచెక్క వాసనను పక్కనున్న పాత ఊరి నుంచి అందేట్టు పెట్టండి. ఊరి పేరు మాత్రం కల్పించుకోండి.

గంగమ్మ జాతర వేషాలను ఇందులో కలపొద్దు. అది మే నెల పండుగ, కాలం మారితే ఇక్కడి పాఠకుడు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తాడు.

ప్రశ్న: విదేశీ పేర్లు ఎన్ని వాడొచ్చు? రక్తపాతం ఎంతవరకు? (పాఠకురాలు, చిత్తూరు)

కథకు ఒక్క విదేశీ పేరు. దాన్ని ఒకసారి రాసి, తర్వాత 'లెక్కజూసేది', 'జల్లెడోడు' లాంటి ఊరి పేరుతో పిలవండి. ఒకే పేరును మూడు రకాలుగా రాసి పంపొద్దు, చివర్లో ఒకసారి వెతికి సరిచూసుకోండి. రక్తం ఒక్కచోట, ఒక్క వాక్యంలో, అదీ ఎవరో కడిగేస్తుండగా. కథతో పాటు మీ షరతును ఒక్క వాక్యంలో విడి కాగితం మీద రాసి జతచేయండి. ఒక్క వాక్యంలో ఇమడకపోతే కథను ఇంకో వారం మీ దగ్గరే ఉంచుకుని దిద్దండి.