తవ్విన నేలను తిరిగి నిలబెట్టే ఉద్యోగాలు: జియాలజీ విద్యార్థికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చివరి ఏడాదిలో ఉంది. జియాలజీ ఒక సబ్జెక్టు. క్వారీలు, ఓపెన్‌కాస్ట్ గనుల మీద ప్రభుత్వ నియంత్రణ, తవ్వేసిన భూమిని బాగుచేయడం, ఈ రంగంలోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. నేనేమో ఏదైనా కంప్యూటర్ కోర్సులో చేరమంటున్నాను. ఇందులో ఉద్యోగాలున్నాయా? ఏం చదవాలి? వాళ్ల బాబాయి అమెరికాలో ఎంఎస్ చేయమంటున్నాడు. ఆడపిల్ల క్వారీల్లో తిరగడం ఎలాగన్నది మరో భయం.
ఒక తండ్రి, రామంతాపూర్

జవాబు: ఉద్యోగాలున్నాయండీ. అయితే 'గనుల పునరుద్ధరణ అధికారి' అన్న పేరుతో ఏ నోటిఫికేషనూ రాదు. ఈ పని నాలుగైదు శాఖల్లో, కంపెనీల్లో, కన్సల్టెన్సీల్లో ముక్కలుగా ఉంటుంది. అందుకే బయటివాళ్లకు ఇదొక రంగంలా కనిపించదు. ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో ముందు తెలిస్తే ఏం చదవాలన్నది తేలిగ్గా తేలుతుంది.

1957 నాటి గనుల చట్టంలోని 15వ సెక్షన్ చిన్నతరహా ఖనిజాల మీద నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. కంకర రాయి, గ్రానైట్, ఇసుక, మొరం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. లీజు ఇవ్వడం, సీనరేజీ (ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) వసూలు, పర్మిట్లు, అక్రమ తవ్వకాల తనిఖీ రాష్ట్ర గనుల శాఖ పని. సిమెంటు సున్నపురాయి, ఇనుప ఖనిజం లాంటి పెద్ద ఖనిజాలకు మూసివేత ప్రణాళికను చూసేది కేంద్రంలోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్. బొగ్గుకు కోల్ కంట్రోలర్ వేరు. కార్మికుల భద్రతకు కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్, డీజీఎంఎస్. వీటన్నిటి మీదా పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఉంటాయి. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్లలోపు చిన్న లీజులకూ పర్యావరణ అనుమతి తప్పదంది. ఈ రంగంలో పని ఒక్కసారిగా పెరిగింది అప్పుడే. అంతకుముందు కాగితమే లేని వేల చిన్న క్వారీలకు ప్రణాళిక, సర్వే, నివేదిక రాసేవాళ్లు కావాల్సి వచ్చారు.

ఇక అసలు పనిలోకి వెళ్దాం. అమ్మాయికి ఇది సరిపడుతుందో లేదో తేలేది ఇక్కడే కాబట్టి దీన్ని మీరిద్దరూ కూర్చుని చదవండి.

2 హెక్టార్ల చతురస్రపు క్వారీ ఉందనుకుందాం. ఒక్కో వైపు సుమారు 141 మీటర్లు. సరిహద్దు నుంచి 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలి. అంటే లోపల మిగిలేది 126 మీటర్లే. ఐదో వంతు భూమి అక్కడే పోయింది. గోడను బెంచీలుగా, అంటే మెట్లుమెట్లుగా కొట్టాలి. గట్టిరాయిలో బెంచ్ ఎత్తు, ప్రత్యేక అనుమతి లేకపోతే, 6 మీటర్లు దాటకూడదు. బెంచ్ వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. ఈ లెక్కన 30 మీటర్ల లోతుకు అయిదు బెంచీలు దిగితే అడుగున మిగిలేది ఒక్కో వైపు 78 మీటర్లే. బెంచీలే లేకుండా నిట్టనిలువుగా దింపితే సుమారు 4.79 లక్షల ఘనపు మీటర్లు వస్తాయి, బెంచీలతో 3.23 లక్షలే. మూడో వంతు రాయి గోడల్లో ఉండిపోతుంది. క్వారీ యజమాని బెంచీలు ఎందుకు ఎగ్గొడతాడో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఊరి పక్కన వదిలేసిన క్వారీ గుంతల్లో పిల్లలు, పశువులు పడితే పైకి రాలేకపోవడానికి కారణమూ అదే. దిగడానికి, ఎక్కడానికి మెట్టు లేని నిలువు గోడ అది. గుంత అంత లోతుకు వెళ్లాక బెంచీలు కొట్టడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే కొట్టాల్సిన రాయి పైనుంచే మొదలవ్వాలి, పైన సరిహద్దు అయిపోయి ఉంటుంది. కాబట్టి తనిఖీ విలువంతా మొదటి రెండు మూడేళ్లలోనే ఉంది. ఇది అర్థమైన ఇన్‌స్పెక్టర్ పదేళ్ల తర్వాత వచ్చే ప్రమాదాన్ని ముందే ఆపగలడు.

తనిఖీలో రెండో సంగతి ఘనపరిమాణం. గుంత కొలిస్తే 48,000 ఘనపు మీటర్లు తేలింది, పర్మిట్లు 30,000కే ఉన్నాయనుకోండి. తేడా 18,000. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పొకటుంది. గుంతలో కొలిచేది గట్టి రాయి, లారీలో కొలిచేది పగిలిన రాయి. పేల్చాక రాయి 40 నుంచి 50 శాతం దాకా ఉబ్బుతుంది. రెండింటినీ నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది, ఆ కేసు అప్పీలులో నిలవదు. టన్నుల్లోకి మార్చి పోల్చాలి. గ్రానైట్ అయితే ఘనపు మీటరుకు సుమారు 2.6 టన్నులు. తవ్వకం మొదలుపెట్టక ముందటి నేల మట్టాలు రికార్డులో లేకపోతే అసలు ఏ లెక్కా నిలబడదు. అందుకే డీజీపీఎస్, టోటల్ స్టేషన్ లాంటి సర్వే పరికరాలు, డ్రోన్ సర్వే వచ్చినవాళ్లకు ఈ రంగంలో అంత గిరాకీ. 2021 నుంచి, 50 హెక్టార్లు లేదా ఏడాదికి 10 లక్షల టన్నుల తవ్వకం, అంతకు మించి ఉన్న పెద్ద ఖనిజాల లీజులకు ఏటా డ్రోన్ సర్వే తప్పనిసరి అయింది.

ఇప్పుడు పునరుద్ధరణ. మీ అమ్మాయి మనసు పడింది దీని మీదేనని ప్రశ్న చదివితే అనిపిస్తోంది. ఇది జియాలజీ కన్నా నేల శాస్త్రానికి దగ్గర. పైమట్టి 30 సెంటీమీటర్లు తీస్తే హెక్టారుకు 3,000 ఘనపు మీటర్లు, అంటే 10 ఘనపు మీటర్ల టిప్పర్‌తో 300 ట్రిప్పులు. దీన్ని విడిగా, రెండు మూడు మీటర్లకు మించని ఎత్తులో కుప్పపోసి, దాని మీద జనుమో పిల్లిపెసరో చల్లాలి. ఖర్చు తగ్గుతుందని ఎత్తుగా పోస్తే అడుగున గాలి ఆడక, మట్టిలో ఉన్న గింజలూ సూక్ష్మజీవులూ చచ్చిపోతాయి. నాలుగేళ్ల తర్వాత తీసి పరిస్తే అది మట్టిలా కనిపిస్తుందేగానీ పంటకు పనికిరాదు. చాలాచోట్ల ఇంతకన్నా ఘోరం జరుగుతుంది: పైమట్టిని వ్యర్థపు రాయితో కలిపి ఒకే గుట్టగా పోసేస్తారు. అది ఇక తిరిగి రాదు.

బొగ్గు గనుల దగ్గర ఓబీ గుట్టలు, అంటే బొగ్గు మీదున్న మట్టీ రాయీ తీసి పోసిన గుట్టలు, చూశారో లేదో. లారీ అంచు నుంచి దొర్లించి పోస్తే గుట్ట వాలు సహజంగా 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. పర్యావరణ అనుమతుల్లో మొత్తం వాలు సాధారణంగా 28 డిగ్రీలు మించకూడదంటారు. 30 మీటర్ల గుట్టను 37 నుంచి 28కి పరిస్తే, పైఅంచు అక్కడే ఉంచితే, పాదం 16 మీటర్లకు పైగా ముందుకు జరుగుతుంది. ఆ 16 మీటర్లు మొదట్లోనే వదలకపోతే గుట్ట పాదం పొలంలోకో వాగులోకో వెళ్లాలి, లేదంటే వాలు సరిచేయకుండా వదిలేయాలి. ఎక్కువసార్లు జరిగేది రెండోదే. అప్పుడు మొదటి జోరువానకే గుట్ట మీద లోతైన గాడులు పడి, ఆ బురద కింద చెరువులోకి చేరుతుంది. గుట్ట చుట్టూ కాలువ, పాదం దగ్గర రాతి గోడ, చివర పూడిక దిగే గుంట ఉండాలి. ఆ గుంటలో పూడికను వానాకాలానికి ముందే తీసేయాలి. గుంట ఉందని రాసుకుని వెళ్లిపోయే తనిఖీ పనికిరాదు. అందులో దిగి ఎంత లోతు ఖాళీ ఉందో చూడాలి.

మొక్కల విషయం కూడా ఇంతే. 2 మీటర్ల దూరంతో హెక్టారుకు 2,500 మొక్కలు నాటామని నివేదికలో ఉంటుంది. డంపర్లు తిరిగి గట్టిపడిన నేలను 60 సెంటీమీటర్ల లోతు దున్నకుండా గుంత తీసి నాటితే వేరు గుంతలోనే చుట్టుకుంటుంది, రెండో వేసవికి మొక్క ఎండిపోతుంది. బతికిన మొక్కలను సెప్టెంబర్‌లో లెక్కిస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి. లెక్కించాల్సింది మేలో, అదీ మూడో ఏడాది మేలో. 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, తవ్వకం ఆపాక మేతకు, మొక్కలకు, జీవాలకు అనువుగా ఉండేలా గడ్డి పెంచాలన్న షరతు పర్యావరణ అనుమతుల్లో చేరింది. ఒకే రకం తుమ్మ నాటి పచ్చగా చూపించే అలవాటుకు ఇది గట్టి జవాబు. కానీ అమలు చేయడానికి గడ్డి జాతులు తెలిసినవాళ్లు చాలా తక్కువ. మీ అమ్మాయి ఈ ఒక్క విషయంలో పట్టు సాధించినా తనకంటూ ఒక చోటు ఉంటుంది.

డబ్బు సంగతి కూడా తెలియాలి. పెద్ద ఖనిజాలకు గని మూసివేత పూచీగా కంపెనీ బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. యాంత్రిక గనులకు హెక్టారుకు 5 లక్షలు, మిగతావాటికి 3 లక్షలు. 2021కి ముందు ఇవి 3 లక్షలు, 2 లక్షలు. బొగ్గుకు 2009 మార్గదర్శకాల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలతో మొదలుపెట్టి ఎస్క్రో ఖాతా (పని జరిగితేనే కంపెనీకి డబ్బు తిరిగి వదిలే ఖాతా) పెట్టించారు, ఆ తర్వాత రేటు పెంచారు. కంకర క్వారీలకు ఈ కేంద్ర గ్యారంటీ నిబంధన వర్తించదు. రాష్ట్ర నిబంధనలు, అనుమతి షరతులే ఆధారం. హైదరాబాద్ చుట్టూ ఉన్న క్వారీల్లో ఎక్కువ భాగం ఈ కోవే. నా దృష్టిలో మన వ్యవస్థలో అతి బలహీనమైన చోటు ఇది.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి పోలిక చెప్తాను. అక్కడ 1977 చట్టం బొగ్గు ఉపరితల గనులకు వర్తిస్తుంది. అర్హత చూపించిన రాష్ట్రాలు సొంతంగా అమలు చేస్తాయి. పూచీ మొత్తం హెక్టారుకు ఇంతని ఉండదు. కంపెనీ పారిపోతే రాష్ట్రం వేరే కాంట్రాక్టరుతో ఆ నేలను బాగుచేయించడానికి ఎంతవుతుందో సైటు వారీగా కట్టి, అంత తీసుకుంటారు. చివరి భాగం వదలాలంటే నాటిన పచ్చదనం వానలు బాగా పడేచోట 5 ఏళ్లు, ఏడాదికి 26 అంగుళాలు లేదా అంతకన్నా తక్కువ వాన ఉన్నచోట 10 ఏళ్లు నిలవాలి. ఈ పద్ధతి చదివి నేర్చుకోదగ్గది. దానికోసం అప్పు చేసి ఎంఎస్‌కి పంపడం మాత్రం నేను చెప్పను. అక్కడి ఫెడరల్ ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే. మీ అమ్మాయి చేయాలనుకున్న పని స్థానిక చట్టం, స్థానిక నేల మీద నడిచేది. ముందు ఇక్కడ మూడు నాలుగేళ్లు పనిచేసి, అప్పుడూ ఆసక్తి ఉంటే ఆలోచించండి.

చదువు విషయానికొస్తే, ఎంఎస్సీ జియాలజీ చేయించండి. రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో చేరవచ్చు. ఐఐటీల ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ధన్‌బాద్ ఐఐటీ లాంటి చోట్లకు ప్రయత్నించవచ్చు. ఎంఎస్సీ ఎందుకంటే, పెద్ద ఖనిజాలకు మైనింగ్ ప్లాన్ తయారుచేసే వ్యక్తికి మైనింగ్ ఇంజినీరింగ్ డిగ్రీ లేదా జియాలజీలో పీజీ, ఆపైన 5 ఏళ్ల పర్యవేక్షణ అనుభవం ఉండాలి. బీఎస్సీతో ఆ తలుపు తెరుచుకోదు. యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్షకూ పీజీ కావాలి. ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. రాష్ట్ర గనుల శాఖలో రాయల్టీ ఇన్‌స్పెక్టర్, అసిస్టెంట్ జియాలజిస్ట్ పోస్టులు టీజీపీఎస్సీ ద్వారా భర్తీ అవుతాయి. ఇవి ఏటా రావు. వాటికోసమే ఇంట్లో కూర్చుని చదివే ఏళ్లు వృథా. ఏదైనా పనిలో ఉంటూనే రాయాలి. గనిలో మేనేజర్ అయ్యే దారి మైనింగ్ ఇంజినీర్లది, జియాలజీ వాళ్లది కాదు. ఈ తేడా ఇప్పుడే తెలిసి ఉండాలి.

కంప్యూటర్ కోర్సు అన్నారు కదా, ఆ మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఉపగ్రహ చిత్రాల చదువు నేర్పే డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులకు ఫీజు లేదు. ఎంఎస్సీ మొదటి ఏడాదిలోనే ఉపగ్రహ చిత్రాలతో ఒక క్వారీ అయిదేళ్లలో ఎలా పెరిగిందో గీయగలిగితే ఆ కంప్యూటర్ నైపుణ్యం ఈ రంగంలో నిజంగా తిండి పెడుతుంది. దానికి తోడు సర్వే పరికరాలు, మట్టి పరీక్షలు నేర్చుకోవాలి.

మొదటి ఉద్యోగం చాలామందికి పర్యావరణ కన్సల్టెన్సీలో దొరుకుతుంది. ఇలాంటి కన్సల్టెన్సీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ నాబెట్, దాని గుర్తింపు ఉన్నదే చూసుకోండి. ఇంటర్వ్యూలో నెలకు ఎన్ని రోజులు సైటులో ఉంటుందో అడగమనండి. ఆఫీసులో కూర్చుని పాత నివేదికలోని పేర్లు మార్చి కొత్తది చేసే చోటయితే ఏడాదిలో చేతికి ఏమీ రాదు, పైగా తప్పుడు నివేదిక మీద తన సంతకం పడుతుంది. జీతం మొదట సాఫ్ట్‌వేర్ వాళ్లతో సరితూగదు. అయిదేళ్లు దాటాక, ప్లాన్ మీద సంతకం చేసే అర్హత వచ్చాక పరిస్థితి మారుతుంది.

ఆడపిల్ల అన్న భయం గురించి. క్వారీ తనిఖీ, సర్వే పగటిపూట పనులు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రి షిఫ్టుకు కూడా 2019లో కేంద్రం అనుమతించింది: రాతపూర్వక సమ్మతి ఉండాలి, ఒక షిఫ్టులో ముగ్గురికి తగ్గకుండా మహిళలు ఉండాలి. అసలు ఇబ్బందులు వేరే ఉంటాయి. మరుగుదొడ్డి లేని సైట్లు, ఊరికి దూరం, అక్రమ తవ్వకాల చోట ఒంటరిగా వెళ్లాల్సి రావడం. కంపెనీ బండి ఇస్తుందా, తోడు సర్వేయరు ఉంటాడా, పేలుడు వేళలు ముందే చెబుతారా అని చేరే ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోవాలి. హెల్మెట్, సేఫ్టీ బూట్లు ఎవరిస్తారన్నది కూడా.

ఈ సెలవుల్లో ఒక పని పెట్టండి. పర్యావరణ అనుమతులు ఉంచే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో వికారాబాద్ జిల్లాలోని ఏదైనా నాపరాయి లేదా లేటరైట్ లీజు అనుమతి పత్రం దింపుకుని, షరతులన్నీ ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోమనండి. అనుమతిదారు ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి ఇవ్వాల్సిన నివేదిక దొరికితే ఒక్కో షరతు పక్కన వాళ్లేం రాశారో పెట్టి చూడాలి. 'పాటిస్తున్నాం' అని మాత్రమే రాసిన చోటల్లా, దాన్ని రుజువు చేయాలంటే ఏం కొలవాలో పక్కన రాయాలి. ఆ నోట్‌బుక్ నింపుతున్నప్పుడు విసుగు పుట్టకపోతే ఎంఎస్సీ ఫీజు కట్టేయండి.