నాన్నకు అబద్ధం చెప్పాను... ఇది ఎదగడమేనా?

ప్రశ్న: మేడమ్, మాది సూర్యాపేట. నాన్నకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఇంటర్‌లో నాకు 1000కి 968 వచ్చాయి. కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటూ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ ఫస్టియర్ పూర్తి చేశాను. మొన్న ఒక సీనియర్ అక్క 'ఈ ఏడాదిలో నువ్వెంత ఎదిగావో ఒక కాగితం మీద రాసుకో' అంది. గంట కూర్చున్నా. 'ఏడవడం మానేశాను. ఇంటికి రోజూ ఫోన్ చేయడం మానేశాను. నా పనులు ఎవర్నీ అడగకుండా నేనే చేసుకుంటున్నాను' అని మూడు ముక్కలు రాశాను. ఆ తర్వాత పెన్ను కదల్లేదు. ఎందుకంటే ఫస్ట్ సెమ్‌లో నాకు ఎం-1, అంటే మ్యాథ్స్ పేపరు, పోయింది. ఎక్స్‌టర్నల్లో, అంటే సెమిస్టర్ చివరి పరీక్షలో, 60కి 21 రావాలి, 17 వచ్చాయి. నాన్నకు అన్నీ పాసయ్యానని చెప్పాను. ఆయన షాపుకొచ్చే వాళ్లందరికీ చెప్పుకున్నారు. పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లీ పరీక్ష ఫీజుకు డబ్బులు అడిగితే దొరికిపోతానని అదీ కట్టలేదు. దసరాకు ఊరెళ్లేటప్పుడు ఎల్బీనగర్ వైపు ఎక్కాల్సింది మియాపూర్ వైపు మెట్రో ఎక్కేసి, స్టేషన్లో ఏడుస్తూ నాన్నకు ఫోన్ చేసిన పిల్లని నేను. ఇప్పుడు అమీర్‌పేటలో దారి తెలియని ఒక పెద్దావిడని సికింద్రాబాద్ రైలెక్కించే దాకా వచ్చాను. కానీ ఏం లాభం? అమ్మ 'మారిపోయావే' అంటోంది. ఒక్కోసారి పొద్దున లేవాలనిపించదు. వచ్చే ఆదివారం ఊరికి వెళ్తున్నా. నేను ఎదిగానా, అబద్ధాలాడటం నేర్చుకున్నానా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఉత్తరం చివర్లో హడావిడిగా రాసేసిన ఒక మాట దగ్గర ముందు ఆగుతాను. పొద్దున లేవాలనిపించదు అన్నావు. పరీక్షల అలసటతో ఒకటి రెండు రోజులు అలా ఉంటే కడుపునిండా తిని పడుకుంటే పోతుంది. అదే రెండు వారాలుగా రోజూ ఉంటే, తిండి సయించకపోతే, ఇదివరకు సరదాగా అనిపించినవేవీ ఇప్పుడు అనిపించకపోతే, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి 14416కి ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పక్క మంచం మీది రూమ్మేట్‌కి కూడా ఆ సంగతి చెప్పు. ఈ ఊళ్లో రిజల్ట్స్ రోజుల్లో నా ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. అందుకే అన్నిటికన్నా ముందు ఇది రాశాను.

ఇక నీ కాగితం. అందులోని మూడు ముక్కలూ నాకు నచ్చలేదమ్మా. ఏడవడం మానేశానన్నావు. ఏడుపొచ్చే సంగతి తీరిపోయి మానేశావా? ఎం-1 పోయిన రోజు ఏడుపు రాలేదా? వచ్చే ఉంటుంది, మింగేశావు. ఇంటికి ఫోన్ చేయడం మానేశానన్నావు. ఫోన్ చేస్తే ఎం-1 మాట వస్తుందేమోనని కాదూ? ఎవర్నీ అడగకుండా అన్నీ చేసుకుంటున్నానన్నది మూడోది. దాని ఖరీదు నీ ఉత్తరంలోనే ఉంది. ఫీజుకు డబ్బులు అడగలేక ఒక పరీక్షను చేతులారా వదులుకున్నావు. సబ్జెక్టు పోవడం కన్నా నాకు అదే బాధగా అనిపించింది. సబ్జెక్టు చాలామందికి పోతుంది. కట్టాల్సిన ఫీజు కట్టకుండా కూర్చోవడం మాత్రం భయం చేయించిన పని.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు పెద్దగా లేదులే. నేను కోఠిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదివేటప్పుడు ఇంటి బెంగతో అన్నం సయించేది కాదు. పదిహేను రోజులకో ఇన్‌లాండ్ కవరు రాసేదాన్ని. ప్రతి దాంట్లోనూ 'నేనిక్కడ క్షేమం' అనే. సంక్రాంతికి ఇంటికెళ్తే మా అమ్మ నా మొహం కూడా చూడలేదు, చేతులు పట్టుకుంది. గాజులు మణికట్టు దాటి జారుతున్నాయి. 'క్షేమమని రాశావు కదే' అంది. గాజులే అసలు సంగతి చెప్పేశాయి. ఇంకేం చెప్పను!

చెప్పకుండా భరించడాన్ని పెద్దరికం అనుకోవడం మన ఇళ్లల్లో పాత అలవాటే. పద్దెనిమిదేళ్ల పిల్ల హాస్టల్ గదిలో ఒక్కతీ జ్వరం పడి లేస్తే 'ఎంత ధైర్యమో' అని మెచ్చుకుంటాం. ఆ పిల్ల పక్క గది తలుపు కొట్టి 'ఒక క్రోసిన్ ఉంటే ఇవ్వక్కా' అని ఉంటే ఇంకా మెచ్చుకోవాల్సింది.

నువ్వు 'ఏం లాభం' అని తీసిపారేసిన అమీర్‌పేట సంగతికి వద్దాం. అక్కడ ఎర్ర లైను, నీలం లైను కలుస్తాయి. అలవాటున్నవాళ్లే ఒక్కోసారి తప్పు ప్లాట్‌ఫారం ఎక్కుతారు. దసరాకు నువ్వు మియాపూర్ వైపు వెళ్లిపోయి ఏడిస్తే మీ నాన్న సూర్యాపేటలో షాపులో కూర్చుని ఫోన్లోనే దారి చెప్పి ఉంటారు. ఆయన మియాపూర్ స్టేషన్ ఎన్నిసార్లు చూశారో ఏమో! కొన్ని నెలలకి నువ్వు ఒక ముక్కూమొహం తెలియని పెద్దావిడ చెయ్యి పట్టుకుని నీలం లైను ఎక్కించావు. నాకు ఒకటి తెలుసుకోవాలని ఉంది. ఆ ప్లాట్‌ఫారం ఎటో నీకు ముందే తెలుసా, లేక అక్కడున్న సెక్యూరిటీ అతన్ని అడిగావా? అడిగే ఉంటావని నా అనుమానం. ఆవిడ కోసం అయితే నీకు అడగడానికి సిగ్గు వేయలేదు. నీ కోసం అయ్యేసరికి నోరు పెగల్లేదు. ఈ ఏడాదిలో నీకు వచ్చింది ఏమిటో, ఇంకా రానిది ఏమిటో ఆ ఒక్క సంగతిలో నాకు కనిపించింది.

ఆర్థర్ చికరింగ్ అని అమెరికాలో ఒక పెద్దాయన కాలేజీ పిల్లలు ఏయే వైపులా ఎదుగుతారో 1969లో ఏడు దారులుగా విడదీసి రాశాడు. వాటిలో ఒకటి స్వతంత్రంగా నిలబడటం. 1993లో లిండా రైసర్ అనే ఆవిడతో కలిసి దాన్ని తిరగరాసినప్పుడు ఆ దారి పేరే మార్చాడు. ఒంటరిగా నిలబడటం మధ్యలో వచ్చే మజిలీ అనీ, అది దాటి ఒకరి మీద ఒకరు ఆధారపడగలిగే చోటికి చేరాలనీ అన్నాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత తన మాట తానే సవరించుకున్నాడు చూశావా, ఆ సవరణ నాకు ఇష్టం. నువ్వు మొదటి మజిలీలో దిగి, ఊరు వచ్చేసిందనుకుంటున్నావు.

ఇప్పుడు ఎం-1. 968 వచ్చిన పిల్లకి 60కి 17 ఎందుకొచ్చాయి? తెలివి ఎక్కడికీ పోలేదు. ఇంటర్‌లో తెల్లవారుజామున లేపేవాళ్లు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్లు, వారం తిరక్కుండా పరీక్ష పెట్టి మార్కులు నాన్న ఫోన్‌కి పంపేవాళ్లు. ఏడు మార్కుల ప్రశ్న ఏ చాప్టర్ నుంచి వస్తుందో పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చదివింది నువ్వే, కాదనను. కానీ గడియారం ఇంకొకరి చేతిలో ఉండేది. బీటెక్‌కి రాగానే ఆ గడియారాన్ని ఎవరూ నీ చేతికివ్వలేదు, తీసేశారంతే. క్లాసులో మ్యాట్రిక్స్ ర్యాంకు అర్థం కాలేదు, అడిగితే 968 వచ్చిన దానివి ఇదీ తెలీదా అంటారని ఊరుకున్నావు. తర్వాత ఐగెన్ విలువలు వచ్చాయి, దానికి ముందుది కావాలి. సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే మిడ్స్‌లో ఎలాగో గట్టెక్కావు. డబుల్ ఇంటిగ్రల్స్ నాటికి బోర్డు మీద రాసింది ఫొటో తీసుకోవడం తప్ప ఏమీ మిగల్లేదు. నేను ఊహించి రాస్తున్నాను, కానీ నా దగ్గరికొచ్చే ఫస్టియర్ పిల్లల్లో ఎక్కువమంది చెప్పేది ఇంచుమించు ఇదే కథ.

లెక్క చూసుకుంటే భయం కాస్త తగ్గుతుంది. నీకు తగ్గినవి నాలుగు మార్కులు. పేపర్లో పది మార్కులు ఒక మార్కు ప్రశ్నలవి, మిగతా యాభై యూనిట్‌కి పది చొప్పున. రెండు యూనిట్లు గట్టిగా పట్టుకుని, ఆ చిన్న ప్రశ్నలు వదలకుండా రాస్తే గట్టెక్కుతావు. కాలేజీలో వేసే ఇంటర్నల్ మార్కులు కలిపి వందకి నలభై రావాలన్నది కూడా మర్చిపోకు. సెకండియర్ ఆగిపోతుందన్న బెంగ ఉంటే అది వదిలెయ్. సబ్జెక్టు పాసైతే వచ్చే క్రెడిట్లు ఫస్టియర్‌లో 40, వాటిలో సగం ఉంటే పైకి పంపుతారు, ఎం-1వి నాలుగు. నీ బ్యాచ్ రెగ్యులేషన్ కాపీ తెచ్చి ఒకసారి నువ్వే చదువుకో, సీనియర్ల నోటి మాటలు నమ్మొద్దు. అలాగని నిర్లక్ష్యం వద్దు. పాసవ్వకుండా మిగిలిన ఒక్క బ్యాక్‌లాగ్‌ని సెకండియర్‌లోకి మోసుకెళ్తే దానికి తోడు ఇంకోటి రావడం నేను చాలాసార్లు చూశాను. థర్డ్ ఇయర్ అయ్యాక ప్లేస్‌మెంట్లకు వచ్చే కంపెనీలు చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే కూర్చోనివ్వవు.

కాలేజీలో మీ పిల్లలు కొంతమందికి కలిపి మెంటార్ అని ఒక లెక్చరర్ ఉంటారు. అటెండెన్స్ సంతకం కోసం తప్ప ఆయన గదికి ఎప్పుడైనా వెళ్లావా? ఊరికి బయల్దేరే ముందే వెళ్లి, ర్యాంకు దగ్గర్నుంచి అర్థం కాలేదని చెప్పు. అంతమాట చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది, కాళ్లు వణకడం కలుపుకుని ఏడు.

అసలు కష్టం నాన్న. అబద్ధం చెప్పినందుకు ఆయనకు కోపం వస్తుంది. రావాలి కూడా. నువ్వు గమనించావో లేదో, ఆ అబద్ధం మీ ఇద్దరి మధ్య ఆగలేదు. షాపుకొచ్చిన ప్రతి రైతుతోనూ మీ నాన్న చేత చెప్పించావు. ఆయనకు అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. దానికి క్షమాపణ విడిగా అడగాలి. మార్కులకు క్షమాపణ అక్కర్లేదు.

మా పెద్దనాన్న బావి మోటారు ఎండాకాలంలో రెండుసార్లు కాలేది. ఆయనతో పాటు వైండింగ్ షాపులో గంటలు గంటలు కూర్చున్నదాన్ని నేను. కాలిన మోటారు తెచ్చిన వాణ్ని ఆ మేస్త్రీ ఎప్పుడూ తిట్టేవాడు కాదు. వాసన ఎప్పుడొచ్చింది, శబ్దం మారిందా, వోల్టేజీ ఎలా ఉంది అని అడుగుతూ నల్లగా మాడిన తీగ చుట్టలు లాగి పక్కన పడేసేవాడు. వాసన వచ్చాక కూడా ఆపకుండా నడిపి, తెచ్చి ముందు పెట్టి 'నిన్నటిదాకా బాగానే ఉంది' అనేవాళ్ల మీద మాత్రం అరిచేవాడు. మీ నాన్న రోజూ చేసేది ఈ పనే. ఎం-1 పోయిందంటే ఆయనకు అర్థం కాదేమోనని భయపడుతున్నావు గానీ, వాసన వచ్చాక కూడా మోటారు నడిపానని చెబితే ఆయనకన్నా బాగా అర్థం చేసుకునేవాళ్లు హైదరాబాద్‌లో దొరకరు.

అమ్మకు ముందు చెప్పి ఆవిణ్ని రాయబారం పంపొద్దు. మన ఇళ్లల్లో అందరం చేసేది అదే, తర్వాత ఇద్దరి మధ్యా నలిగేది ఆవిడే. ఫోన్లోనూ వద్దు. సోమవారం సాయంత్రం షాపు మూసే వేళకు నువ్వే వెళ్లు. కథ మొదలుపెట్టి తిప్పకుండా, 'నాన్నా, ఫస్ట్ సెమ్‌లో మ్యాథ్స్ పోయింది, నీకు అబద్ధం చెప్పాను, అందుకే ఫీజు కూడా కట్టలేదు' అను. ఆ తర్వాత మాట్లాడకుండా ఉండు. ఆయన రెండు మాటలంటారు, లేదా ఏమీ అనకుండా షట్టర్ దించేసి ముందు నడుస్తారు. ఆ రాత్రి అన్నం దగ్గర ఇల్లు ఇల్లులా ఉండకపోవచ్చు. ఉండకపోయినా నువ్వు గదిలోకి పోయి ఫోన్ పట్టుకోకు, ఆయన పక్కనే కూర్చుని తిను. తర్వాతి సప్లీ నోటిఫికేషన్ రాగానే ఫీజు డబ్బులు అడుగుతానని, గడువు తేదీ కూడా ఆయనకే చెప్తానని ఆ రెండు మూడు రోజుల్లో చెప్పు.

అమ్మ 'మారిపోయావే' అనడం గురించి ఎక్కువ ఆలోచించకు. ఏం మారానమ్మా అని ఆవిణ్నే అడుగు. బహుశా రోజూ వచ్చే ఫోన్ రావట్లేదనే అయ్యుంటుంది ఆవిడ బాధ.

ఆ సీనియర్ అక్క చెప్పిన కాగితం ఉందిగా, చింపెయ్యొద్దు. మూడు ముక్కల కింద అమీర్‌పేట పెద్దావిడ సంగతి రాయి. దాని కింద కాస్త చోటు వదిలెయ్. ఎం-1 మార్కుల మెమో ప్రింటు తీసి, ఆ కాగితంతో పాటు ఆదివారం బ్యాగులో పెట్టుకో. బట్టల అడుగున వద్దు, పైన పెట్టు.