ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ కన్నా ముందే కీమో ఎందుకిస్తారు?

మీ చెల్లికి 34 ఏళ్లకే ట్రిపుల్ నెగటివ్ రొమ్ము క్యాన్సర్ అని తేలిందని, ఆపరేషన్ కన్నా ముందు కీమో అంటున్నారని, ఈలోగా గడ్డ పాకిపోదా అని అడిగారు. 2019లో మా అక్క విషయంలో మా ఇంట్లోనూ ఇదే టెన్షన్. "గడ్డను లోపల పెట్టుకుని మందులేంటి, ముందు తీసేయమనండి" అని మామయ్య ఒకటే పట్టు.

ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 రిసెప్టర్లు (కణాల మీద ఉండి, పెరగమనే సంకేతాలు అందుకునే గ్రాహకాలు) మూడూ లేని క్యాన్సర్ ఇది. అందుకే హార్మోన్ మాత్రలు దీని మీద పనిచేయవు. వేగంగా పెరుగుతుంది కూడా. అయితే వేగంగా విభజన చెందే కణాల మీదే కీమో బాగా పనిచేస్తుంది. గడ్డ ఉండగానే ఇస్తే మందు పడుతోందో లేదో కళ్లముందే తెలుస్తుంది. కాబట్టి కీమో మొదలైందంటే వైద్యం మొదలైనట్టే, ఆలస్యం కాదు.

అక్కకు ఎర్ర మందు అనే ఎర్రటి కీమో నాలుగు సార్లు, తర్వాత వారం వారం టాక్సాల్ అనే ఇంకో కీమో మందు పన్నెండు సార్లు ఎక్కించారు. రెండోసారికే గడ్డ మెత్తబడింది. కానీ ఆపరేషన్ తర్వాత రిపోర్టులో కొంచెం మిగిలిందని వచ్చింది. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. గడ్డ పూర్తిగా కరిగిన వాళ్లతో పోలిస్తే మిగిలిన వాళ్లకు తిరగబెట్టే ముప్పు ఎక్కువే. అయితే మిగిలిందని తెలిసింది కాబట్టే కరెంటు (రేడియేషన్) పెట్టాక కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు కూడా ఇచ్చారు. అరికాళ్లు మండి, తోలు ఊడి, నడవడానికి చాలా బాధపడింది. ఆపకుండా వేసుకుంది. ఈ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే వస్తుంది, ఐదేళ్లు దాటితే ముప్పు బాగా తగ్గుతుంది. అక్క ఆ ఐదేళ్లు దాటేసింది.

ఇప్పుడు స్టేజ్ 2, 3 వాళ్లకు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (క్యాన్సర్ మీద పోరాడేలా ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపే మందు) ఇస్తున్నారు. అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. ఖర్చు లక్షల్లో ఉంటుంది, అయినా అడగండి. డబ్బు ఇబ్బందైతే ఆరోగ్యశ్రీ ఉంది, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బీఆర్‌సీఏ జన్యు పరీక్ష కూడా చేయించండి, ఈ జన్యువుల్లో లోపం ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. చెల్లికి లోపం ఉందని తేలితే తోబుట్టువులుగా మీకూ అది ఉండే అవకాశం సగానికి సగం ఉంటుంది.

మొదటి కీమోకి ముందే గడ్డలో క్లిప్ (గుర్తుగా చిన్న లోహపు ముక్క) పెడతారేమో అడగండి. గడ్డ కరిగిపోయినా సర్జన్‌కి చోటు తెలియాలి. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. అక్కకు మూడో కీమో తర్వాత అర్ధరాత్రి జ్వరం 101 దాటింది. తెల్లారాక చూద్దాం అనుకోకుండా ఉప్పల్ నుంచి ఆటోలో తీసుకెళ్లాం. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. 100.4 చూపిస్తే చాలు, ఏ వేళైనా బయల్దేరండి.